మీకు తెలుసా? మన నిర్ణయాల్లో జ్ఞాపకం, ఉద్వేగం, మాట చేసే పని

పెళ్లి సంబంధం ఖాయం చేసుకోవాలన్నా, పొలం అమ్మాలన్నా, ఆపరేషన్‌కు ఒప్పుకోవాలన్నా, ఓటు ఎవరికి వేయాలన్నా బాగా ఆలోచించే తేల్చుకున్నామని అనుకుంటాం. లాభనష్టాలు బేరీజు వేసుకున్నాం కదా అని ధీమాగా ఉంటాం. కానీ ఆ బేరీజులో మనకు తెలియకుండా మరో మూడు వచ్చి చేరతాయి: పాత జ్ఞాపకం, ఆ పూట మనసులో ఉన్న ఉద్వేగం, విషయం మన చెవిన పడిన మాటల తీరు. ఈ మూడూ ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, వైద్యులు గమనించిన రోగుల అనుభవాల్లో విస్తుగొలిపేవి చాలా ఉన్నాయి. వాటిలో పదహారు ఇవి.

1. గతం గుర్తు లేకపోతే రేపు కూడా కనిపించదు

కెనడాలో ఒక వ్యక్తికి 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతింది. వైద్యశాస్త్రంలో ఆయన కె.సి. అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధుడు. చదరంగం ఆడగలిగేవారు, తెలివి తగ్గలేదు, చదువుకున్నది పోలేదు. తన జీవితంలో జరిగిన సంఘటన మాత్రం ఒక్కటీ గుర్తు చేసుకోలేకపోయేవారు. ఆయనను ఏళ్ల తరబడి పరిశీలించిన ఎండెల్ టుల్వింగ్ మరో వింత గమనించారు. రేపు ఏం చేస్తారని అడిగితే కె.సి.కి ఏమీ తోచేది కాదు. 2007లో లండన్ పరిశోధకులు, మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిన్న రోగులను సముద్రతీరంలో పడుకుని ఉన్నట్టు ఊహించుకోమన్నారు. వాళ్లలో ఎక్కువమంది విడివిడి ముక్కలు చెప్పారే తప్ప మొత్తం దృశ్యాన్ని కళ్లముందు నిలుపుకోలేకపోయారు. అంటే కొత్త ఊరికి మారితే ఎలా ఉంటుందో ఊహించేటప్పుడు మన మెదడు పాత జ్ఞాపకాల ముక్కలనే ఏరి కూర్చుతోందన్నమాట. ఆ పరిశోధన చేసినవారిలో ఒకరైన డెమిస్ హసాబిస్ 2024లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

2. మనిషిని మరిచినా, గుచ్చుకున్న సూదిని మరవలేదు

జెనీవా వైద్యుడు ఎడ్వార్ క్లాపరేడ్ 1911లో ఒక రోగి సంగతి రాశారు. ఆమెకు కొత్త జ్ఞాపకాలు నిలవవు. ఆయన్ని ఎన్నిసార్లు చూసినా కొత్త మనిషే. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని కరచాలనం చేశారు. గుచ్చుకున్న సంగతి ఆమె కాసేపటికే మరిచిపోయింది. తర్వాత ఆయన మళ్లీ చెయ్యి చాపితే మాత్రం చటుక్కున వెనక్కి తీసుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. సంఘటన జ్ఞాపకం, భయం జ్ఞాపకం మెదడులో వేర్వేరు దారుల్లో నడుస్తాయని చెప్పిన తొలి ఆధారాల్లో ఇదొకటి.

3. గట్టిగా గుర్తున్నదంతా నిజం కానక్కర్లేదు

1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ నింగిలోనే ముక్కలైంది. మర్నాడు ఎమరీ విశ్వవిద్యాలయంలో అల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ ఉండగా, ఎవరి ద్వారా తెలిసిందో రాయించి దాచారు. సుమారు మూడేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. 11 మంది చెప్పినది తాము మొదట రాసినదానితో ముఖ్యమైన ఏ వివరంలోనూ కలవలేదు. అయినా వాళ్ల ధీమా తగ్గలేదు. స్వయంగా రాసిన కాగితం చూపించినా, ఇప్పుడు గుర్తున్నదే నిజమని పట్టుబట్టినవారు ఉన్నారు. అన్నదమ్ముల పంపకాల్లో "నాన్న ఆరోజు ఇలాగే అన్నారు" అని ఇద్దరూ ఒట్టేసి రెండు రకాలుగా చెబుతుంటే, ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారనే అనుకోనవసరం లేదు. ఇద్దరూ నిజాయితీగానే చెబుతూ ఉండవచ్చు. అందుకే పెద్దమనుషుల ముందు అనుకున్నది అప్పుడే కాగితం మీద పెట్టుకోవాలి.

4. ముగింపు బాగుంటే పడ్డ బాధ తక్కువగా తోస్తుంది

డేనియల్ కానెమన్ బృందం 1993లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లపాటు చెయ్యి ముంచి ఉంచాలి. మరోసారి అవే నీళ్లు, అదే 60 సెకన్లు, ఆపైన ఇంకో 30 సెకన్లు. ఆ అర నిమిషంలో నీళ్లను 15 డిగ్రీల దాకా కాస్త వెచ్చబరిచారు. ఎలా చూసినా రెండోదే ఎక్కువ బాధ. అయినా మూడోసారి ఏది కావాలో ఎంచుకోమంటే 69 శాతం మంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎంతసేపు పడ్డామన్నది జ్ఞాపకం పెద్దగా పట్టించుకోదు. బాధ బాగా పెరిగిన క్షణాన్ని, చివరి క్షణాలనే దాచుకుంటుంది. ఇలాంటి పరిశోధనలకే కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

5. ఉద్వేగం లేకపోతే నిర్ణయమే లేదు

కోపతాపాలు పక్కన పెట్టి ఆలోచిస్తే మంచి నిర్ణయం వస్తుందని పెద్దలు చెబుతారు. మరి మనసులో ఏ ఉద్వేగమూ కలగని మనిషి ఎంత గొప్పగా నిర్ణయించాలి? నాడీ వైద్యుడు ఆంటోనియో డమాసియో దగ్గరికి అలాంటి మనిషే వచ్చారు. ఆయన్ని డమాసియో ఎలియట్ అని పిలిచారు. కణితి తీసే ఆపరేషన్‌లో ఆయన మెదడు ముందు భాగంలో కొంత పోయింది. తెలివితేటల పరీక్షల్లో మంచి మార్కులు, జ్ఞాపకశక్తి భేషు, మాట స్పష్టం. కానీ ఉద్యోగం పోయింది, పెట్టిన వ్యాపారం మునిగింది, కాపురం చెడింది. ఇంత జరిగినా ఆ కథను ఎవరిదో చెబుతున్నట్టు చెప్పేవారు.

అలాంటి దెబ్బే తగిలిన మరో రోగికి, తర్వాత ఎప్పుడు వస్తారో చెప్పమని డమాసియో రెండు తేదీలు ఇచ్చారు. ఆయన దాదాపు అరగంటసేపు క్యాలెండర్ ముందేసుకుని, ముందున్న పనులు, వాతావరణం, ఇతర అవాంతరాలు అంటూ రెండు తేదీలకూ అనుకూల ప్రతికూలతలు చెబుతూనే ఉన్నారు. చివరికి డమాసియో రెండో తేదీకి రమ్మంటే, సరే అని వెళ్లిపోయారు. కారణాలకు కొదవ లేదు. వాటిలో ఏది ముఖ్యమో చెప్పే మనసే మూగబోయింది. 1994లో వచ్చిన డమాసియో పుస్తకంతో ఈ కథలు లోకానికి తెలిశాయి.

6. అరచేతికి చెమట ముందు, కారణం తర్వాత

డమాసియో బృందమే ఒక పేకాట ప్రయోగం రూపొందించింది. నాలుగు పేకకట్టలుంటాయి. రెండింటిలో పెద్ద లాభాలు, అంతకన్నా పెద్ద నష్టాలు. మిగతా రెండింటిలో చిన్న లాభాలు, చిన్న నష్టాలు, చివరికి మిగులు. ఏది ఎలాంటిదో ఆడేవాళ్లకు చెప్పరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో, చెడ్డ కట్టవైపు చెయ్యి చాపేముందే అరచేతి చర్మంలో చెమట తాలూకు మార్పు యంత్రానికి అందింది. ఏ కట్ట ఎందుకు ప్రమాదమో నోటితో చెప్పగలిగింది ఆ తర్వాతే. ఎలియట్ లాంటి రోగులకు ఆ ముందస్తు చెమట పట్టలేదు, వాళ్లు నష్టపోతూనే ఆడారు. ఈ ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దానిపై శాస్త్రవేత్తల్లో చర్చ నడిచింది. దెబ్బతిన్న భాగం నిర్ణయాలకు కీలకమన్నది మాత్రం నిలబడింది.

7. వేరేచోటి దుఃఖం బేరంలో దూరుతుంది

జెన్నిఫర్ లెర్నర్, సహచరులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి కంటతడి పెట్టించే సినిమా దృశ్యం చూపించారు. తర్వాత దానితో ఏ సంబంధం లేని ఒక మామూలు వస్తువుకు ధర కట్టమన్నారు. దుఃఖంలో ఉన్నవాళ్లు తమ చేతిలో ఉన్నదాన్ని తక్కువకే ఇచ్చేయడానికి సిద్ధపడ్డారు. లేనిదాన్ని ఎక్కువ పెట్టి కొనడానికీ సిద్ధపడ్డారు. ఆ దుఃఖానికీ ఈ బేరానికీ పొత్తే లేదు. ఇంట్లో మనిషి పోయిన కొద్దిరోజులకే ఇల్లో పొలమో అమ్మకానికి పెట్టేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: కొన్నాళ్లు ఆగండి.

8. విమానానికి భయపడి రోడ్డెక్కినవారు

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత చాలామంది అమెరికన్లు విమానం మానేసి కార్లలో దూరప్రయాణాలు చేశారు. మైలుకు మైలు పోల్చితే కారు ప్రయాణమే ఎక్కువ ప్రమాదం. ఆ ఏడాది చివరి మూడు నెలల్లో ఈ మార్పు వల్ల రోడ్ల మీద అదనంగా సుమారు 350 మంది చనిపోయి ఉంటారని జర్మన్ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ అంచనా వేశారు. హైజాక్ అయిన నాలుగు విమానాల్లో మరణించిన ప్రయాణికుల సంఖ్య కన్నా ఇది ఎక్కువ. టీవీలో పదేపదే చూసిన దృశ్యం జ్ఞాపకంలో పైనే ఉంటుంది. పైన ఉన్నదే పెద్ద ప్రమాదమనిపిస్తుంది.

9. ఒక్క పాప కదిలించినంతగా లక్షల సంఖ్య కదిలించదు

డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆఫ్రికా ఆకలి బాధితుల కోసం విరాళం అడిగారు. రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చదివినవాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షలమంది ఆకలి లెక్కలు చదివినవాళ్లు ఇచ్చింది 1.14 డాలర్లు. పాప కథతోపాటు లెక్కలూ చదివితే? ఇంకా పెరగాలి కదా. పెరగలేదు, 1.43కి పడిపోయింది. మనసు ఒక ముఖానికి స్పందిస్తుంది, పట్టికకు స్పందించదు. కరవు, వరద, అంటువ్యాధి వచ్చినప్పుడు ప్రభుత్వాలూ పౌరులూ లెక్కలు విని కూడా ఎందుకు ఆలస్యంగా కదులుతారో ఇది కొంత చెబుతుంది.

10. అడిగిన మాటే సాక్ష్యాన్ని మారుస్తుంది

1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కారు ప్రమాదాల చిత్రాలు చూపించారు. కార్లు "తాకినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని కొందరిని అడిగితే సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. కార్లు "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అనే అర్థం వచ్చేలా అడిగితే అదే వేగం 40 మైళ్లు దాటింది. చిత్రం ఒకటే, మారింది ప్రశ్నలోని క్రియ.

మరో ప్రయోగంలో వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అని అడిగారు. అసలు చిత్రంలో గాజు పగలనేలేదు. మామూలు మాటతో ప్రశ్న విన్న 50 మందిలో ఏడుగురు చూశామన్నారు. తీవ్రమైన మాట విన్న 50 మందిలో చూశామన్నవారు 16 మంది. ఒక్క మాట జ్ఞాపకంలోకి వెళ్లి, లేని గాజు పెంకులను పోసింది. జవాబును నోటికందించే ప్రశ్నలను, ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే, సాక్షిని పిలిచిన పక్షం కోర్టు అనుమతి లేకుండా వేయకూడదని మన సాక్ష్య చట్టం కట్టడి చేస్తుంది. ఇంట్లో పిల్లల తగవు తీర్చేటప్పుడు కూడా "వాడే కొట్టాడు కదూ?" అనకుండా "ఏం జరిగింది?" అని అడగడం మంచిది.

11. బతికేవారి లెక్క చెబితే ఒకటి, పోయేవారి లెక్క చెబితే మరొకటి

ఒక అంటువ్యాధి 600 మందిని బలిగొనబోతోంది. ఒక పథకంతో కచ్చితంగా 200 మంది బతుకుతారు. మరో పథకంతో అందరూ బతికే అవకాశం మూడింట ఒకటి, ఎవరూ బతకని అవకాశం మూడింట రెండు. ఏది ఎంచుకుంటారు? ఏమోస్ ట్వెర్‌స్కీ, కానెమన్ 1981లో ప్రచురించిన ఈ ప్రశ్నకు 72 శాతం మంది కచ్చితమైన పథకాన్నే కోరారు. అవే పథకాలను "400 మంది చనిపోతారు" అన్న భాషలో మరో బృందం ముందు పెడితే, 78 శాతం మంది రెండో పథకంతో తెగించడానికి సిద్ధమయ్యారు. 200 మంది బతకడం, 400 మంది చనిపోవడం రెండూ ఒకటే లెక్క.

వైద్యులకు ఈ తేడా అంటదనుకుంటే పొరపాటు. 1982లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సర్జరీయా, రేడియేషనా అని రోగులను, విద్యార్థులను, వైద్యులను అడిగారు. సర్జరీ తర్వాత బతికేవారి శాతం చెప్పినప్పుడు దాన్ని కోరుకున్నవాళ్లు, చనిపోయేవారి శాతం చెప్పినప్పటికన్నా బాగా ఎక్కువ. వైద్యులదీ అదే తీరు. అందుకే ఆపరేషన్ గురించి డాక్టరు గారు చెబుతున్నప్పుడు రెండు లెక్కలూ అడగండి: వందమందిలో ఎంతమంది కోలుకుంటారు, ఎంతమందికి ఇబ్బంది వస్తుంది? అడగడం మీ హక్కు.

12. మొదట విన్న అంకె వదలదు

0 నుంచి 100 దాకా అంకెలున్న చక్రాన్ని ట్వెర్‌స్కీ, కానెమన్ తిప్పించారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే ఏర్పాటు చేశారు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో ఊహించమన్నారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25 శాతం, 65 చూసినవాళ్లది 45 శాతం. స్థలం చూడ్డానికి వెళ్లగానే మధ్యవర్తి నోటి నుంచి వచ్చే మొదటి ధర చేసే పనీ ఇదే. ఆ ఏరియాలో ఇటీవలి రిజిస్ట్రేషన్ల ధరలు ముందే కనుక్కుని వెళితే మీ అంకె మీ దగ్గర ఉంటుంది.

13. అమ్మభాషలో ఒక తీర్పు, పరభాషలో మరో తీర్పు

పైన చెప్పిన 600 మంది ప్రశ్న లాంటివాటినే షికాగో విశ్వవిద్యాలయంలో బోజ్ కేసర్ బృందం రెండు భాషల్లో అడిగింది. మాతృభాషలో అడిగినప్పుడు మాటల తీరుకు లొంగినవాళ్లు, నేర్చుకున్న భాషలో అడిగినప్పుడు అంతగా లొంగలేదు. 2012లో ఈ ఫలితం వెలువడింది. 2014లో ఆల్బెర్ట్ కోస్తా బృందం మరో ప్రశ్న వేసింది: ఐదుగురిని కాపాడటానికి ఒక మనిషిని రైలు కిందికి తోస్తారా? పరభాషలో చదివినవాళ్లలో తోస్తామన్నవారు ఎక్కువ. చిన్ననాటి నుంచీ లాలింపులు, తిట్లు, భయాలు అన్నీ అమ్మభాషలోనే అంటుకుని ఉంటాయి కాబట్టి పరభాషలో ఉద్వేగం పలచబడుతుందని ఒక వివరణ. తర్వాతి పరిశోధనల్లో ఈ ప్రభావం అన్నిచోట్లా ఒకేలా కనిపించలేదు. అయినా ఇంటి రుణం పత్రాలో, బీమా షరతులో ఇంగ్లిష్‌లో చదివి సంతకం పెట్టే మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. సంతకానికి ముందు అందులో ఏముందో ఇంట్లోవాళ్లకు తెలుగులో ఒకసారి చెప్పి చూడండి.

14. కారణాలు తర్వాత పుడతాయి

మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాలను కలిపే నరాల కట్టను కోసిన రోగులపై 1970లలో మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూ పరిశోధించారు. ఒక రోగికి మాట్లాడే ఎడమ సగానికి కోడి కాలు, మాటరాని కుడి సగానికి మంచు దృశ్యం చూపించారు. ఆయన కుడి చేత్తో కోడి బొమ్మను, ఎడమ చేత్తో పార బొమ్మను ఎంచుకున్నారు. పార ఎందుకంటే, మంచు సంగతే ఎరగని ఎడమ సగం తడుముకోకుండా జవాబిచ్చింది: కోళ్ల గూడు శుభ్రం చేయడానికి పార కావాలి కదా!

ఇది రోగులకే పరిమితం కాదు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 2005 నాటి ప్రయోగంలో, రెండు ఫొటోల్లో నచ్చినదాన్ని ఎంచుకోమని, చేతివాటంతో రెండోదాన్ని అందించారు. ఎక్కువసార్లు ఆ మార్పు ఎవరూ పట్టుకోలేదు. పైగా తాము ఎంచుకోని ఫొటో ఎందుకు నచ్చిందో వివరించారు.

15. హైదరాబాద్ చెప్పిన సంగతి

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలగలిసి వినిపించే నగరం కదా. ఒకే భాష తెలిసినవారికన్నా వీరిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది. 2013లో వెలువడిన ఈ పరిశోధన ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. మతిమరపు నాలుగున్నరేళ్లు ఆలస్యమైందంటే, ఆస్తి గురించీ వైద్యం గురించీ తన నిర్ణయం తానే తీసుకునే నాలుగున్నరేళ్లు ఆ మనిషికి అదనంగా దక్కినట్టే.

16. పేరు పెడితే ఉద్వేగం నెమ్మదిస్తుంది

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాలను చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. ఆ ఉద్వేగానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు, భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగంలో చురుకుదనం తగ్గింది. "నాకిప్పుడు భయంగా ఉంది", "నేను కోపంలో ఉన్నాను" అని పైకి అనడం చిన్న పనే, కానీ ఖర్చులేని మందు.

ఇదంతా ఈరోజు మనకు ఎందుకంటే, ఈ బలహీనతలు తెలిసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. పోలీసులమనీ సీబీఐ అనీ వీడియో కాల్ చేసి, "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా జీవితకాలపు పొదుపును ఊడ్చేస్తున్నారు. చదువుకున్నవాళ్లూ, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లూ బలవుతున్నారు. వాళ్లది తెలివితక్కువతనం కాదు, భయం ముందు నడిచింది. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. అలాంటి కాల్ వస్తే ఫోన్ పెట్టేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఏ పెద్ద నిర్ణయానికైనా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: నన్ను నడిపిస్తున్న జ్ఞాపకం ఏది? ఇప్పుడు నా మనసులో ఉన్నది ఏ ఉద్వేగం? ఇదే సంగతిని ఇంకో మాటల్లో చెబితే నా జవాబు మారుతుందా? మారుతుందనిపిస్తే, ఆ రాత్రికి ఆగండి.